బాపు నిద్రకు కావలి

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదని గోదారి నీళ్ళు దోసిట్లో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతే అది నీళ్ళ తప్పు గాని నాది కాదు. నన్నెరిగినవాళ్ళు అప్పుడే నవ్వుతూ ఉంటారు, నవ్వనివ్వండి.

మొన్న మంచిర్యాలలో మనవరాలి బడికి వెళ్ళాల్సి వచ్చింది. రెండో తరగతి పిల్ల, ఒక చోట కుదురుగా కూర్చోదట, చేతిలో పని సగంలో వదిలేసి ఇంకోదానికి ఉరుకుతుందట, పెన్సిల్ ఎవరైనా ముట్టుకుంటే పూనకం వచ్చినట్టు అరుస్తుందట. ఇలాంటి పిల్లల సంగతి చూడడానికే చదువుకుని వచ్చిన టీచరమ్మ, చాలా ఓపిక గల మనిషి, రంగురంగుల అట్ట ఒకటి మా ముందు పెట్టింది. ఆకుపచ్చ అంటే మనసు నిమ్మళం, పసుపు అంటే కాస్త ఉడుకు, ఎరుపు అంటే పక్కకు వచ్చి ఊరికే కూర్చోవాలి. అట్ట వెనక, పొద్దున లేచింది మొదలు చెయ్యాల్సిన పనులు ఒకదాని కింద ఒకటి బొమ్మలుగా ఉన్నాయి. మా అమ్మాయి శ్రద్ధగా వింటోంది. నేనూ వింటూనే ఉన్నాను గాని, నా మోకాలు టేబుల్ కింద ఎంత జోరుగా ఊగుతోందంటే గ్లాసులో నీళ్ళు ఒలికాయి. టీచరమ్మ నా మోకాలి వంక చూసి, పిల్ల వంక చూసి, అట్ట తడవకుండా పక్కకు జరిపింది. బయటికొచ్చాక మా అమ్మాయే అంది: "పోలిక ఎక్కడిదో ఇయ్యాల దొరికింది బాపు."

పోలిక నాదే. నాకింకా నడివయసే అని నేనంటాను, ఆధార్ కార్డు ఒప్పుకోదు. కాబట్టి డెబ్బయ్యో దశకం మొదట్లో నేను చిన్నపిల్లవాణ్ణని మీరే లెక్క వేసుకోండి. గోదావరిఖనిలో, రేకుల కప్పు లైను క్వార్టర్లలో, నా అంత నిలకడ లేని పోరడు మరొకడు లేడు. నల్లా దగ్గరికి పంపితే బకెట్ కింద పెట్టి, ఎవరి బర్రెనో తోలుకుంటూ రైలు కట్ట దాకా పోయేవాణ్ణి. నీళ్ళు నిండి, పొంగి, లైను పొడుగునా పారి, కింది ఇండ్లవాళ్ళ చెప్పులు తేలిపోయి గోదావరిలో కలిసేవి. ప్రమాణం చేశాను కదా.

మీలో ఎవరైనా ఆ వైపు పెరిగి ఉంటే గుర్తుండే ఉంటుంది, మన ఇండ్లలో పొద్దు సూర్యుడు చెప్పేది కాదు, బొగ్గుబాయి సైరన్ చెప్పేది. రాత్రి షిఫ్టు చేసిన మనిషి పగలు పండుకోవాలి, పండుకోవడానికి ఉన్నది ఒక్కటే గది, ఆ గది చుట్టూ పిల్లలు, రోకళ్ళు, బొగ్గుల పొయ్యిలు, బిందెల కొట్లాటలు. అందుకని మా లైనులో ఒక కట్టుబాటు ఉండేది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడి మసి బట్టలు ఇంటి ముందు తీగ మీద వేలాడుతుంటే లోపల మనిషి నిద్రలో ఉన్నాడని అర్థం. ఆ బట్టలు చూస్తే ఐసు బండివాడు గంట నాలుక పట్టుకుని దాటేవాడు, ఆడవాళ్ళు కారం దంచడం ఆపేవారు, కొట్లాడుకునేవాళ్ళు కూడా లైను చివరికి పోయి కొట్లాడుకునేవారు. బట్టలు తీశారంటే మనిషి లేచాడన్నమాట. ఇక ఎవరి గొంతు వాళ్ళది.

మా బాపుది, అంటే మా నాన్నది, బాయి లోపల పైకప్పు కింద మొద్దులు నిలబెట్టే పని. మొద్దు పెట్టే ముందు కర్రతో కప్పును తట్టి చప్పుడు వినాలి. గట్టి చప్పుడైతే ముందుకు, డొల్ల చప్పుడైతే వెనక్కు. చెవుల మీద బతికే పని అది. నిద్రలేని చెవి ఒక్కసారి పొరపాటు పడిందంటే ఇంటికి మనిషి రాడు, కబురు వస్తుంది. ఈ సంగతి మా అవ్వ, అంటే మా అమ్మ, నా దగ్గర ఎన్నడూ దాచలేదు.

నన్ను అవ్వ కొట్టి చూసింది, తిట్టి చూసింది, పోచమ్మకు మొక్కి చూసింది. చదువు రాని మనిషి, చివరికి తలుపు వెనక గోడ మీద బొగ్గుతో మూడు బొమ్మలు గీసింది: బకెట్, బూడిద తట్ట, పలక. ఒకటి అయ్యాకే ఇంకోదాని మీద చెయ్యి పడాలి, అయినదాన్ని నేనే వేలితో చెరిపెయ్యాలి. ఆ చెరిపెయ్యడంలో ఉన్న సంబరం కోసమే పని పూర్తి చేసేవాణ్ణి. కోపానికి మందు బాపు పని నుంచే తీసింది. ఉడుకెత్తినప్పుడు అరచేత్తో నా రొమ్ము నేనే తట్టుకోవాలి. "గట్టిగున్నదా, డొల్లగున్నదా? డొల్లగుంటే అడుగు ముందటికెయ్యకు బిడ్డా, ఎనుకకొచ్చి కూసో," అనేది. టీచరమ్మ దీనికేదో పొడుగాటి పేరు చెప్పింది. అవ్వ పేరు పెట్టిన గుర్తు లేదు.

ఒక ఎండాకాలం బాపు వరుసగా ఐదు రాత్రులు డ్యూటీకి దిగాడు. పక్క లైనులో పెండ్లి మేళానికి రెండు పగళ్ళు కంటి మీద కునుకు లేదు. ఆ పొద్దున అన్నం ముందు కూర్చుని, తన జాగాలో కప్పు మంచిగ లేదని, ఇయ్యాల పండకుంటే రాత్రికి చెవులు పనిచెయ్యవని అవ్వతో చెప్పడం విన్నాను. అదే రోజు చెల్లెకు జ్వరం ముదిరి అవ్వ దవాఖానకు పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ నన్ను గడప మీద కూర్చోబెట్టింది. "సైరన్ కొట్టేదాక లేవకు. నీ బాపు ఫికర్ ఇగ నీదే."

కూర్చున్నాను. గడపలో ముండ్లున్నట్టుంది. ఒక కాలు ఊరుకుంటే ఇంకో కాలు ఊరుకోదు, రెండూ ఊరుకుంటే వీపు దురద. అంతలో పక్కింటి పోరడు వచ్చాడు. వర్క్‌షాపులో పారేసిన బేరింగులు ఏరుకొచ్చి నేను చేసుకున్న చక్రాల బండి వాడి నెత్తి మీద ఉంది.

"ఏంరా కావలికుక్కా, నీ బండి తీస్కపోతున్న. వస్తవా?" గుసగుసగానే అన్నాడు, వాడు కూడా తీగ మీది బట్టలకు మర్యాద ఇచ్చాడు. "ఒక చక్రం లేదు చూసినవా? నేనే ఊడపీకిన."

రొమ్ము తట్టుకున్నాను. డొల్ల. మళ్ళీ తట్టుకున్నాను. డొల్ల. అయినా లేవలేదు. నా ఒంటి వేడికి జేబులో పచ్చి పల్లికాయలు వేగి చిటపటలాడాయి. ఒక కాకి నన్ను మొద్దనుకుని నెత్తి మీద వాలి, రెండు పుల్లలు పెట్టి గూడు మొదలుపెట్టింది. నేను పలక్కపోయేసరికి వాడికే విసుగొచ్చి బండి అక్కడే పడేసి పోయాడు. సైరన్ మోగింది, బాపు లేచాడు. పొద్దుగూకే వేళకు అవ్వ వస్తే, చాయ్ తాగుతూ బాపు ఒక్క మాటన్నాడు: "పోరడు కదలలే. మంచిగ నిద్ర పట్టింది." అవ్వ నా తల నిమిరింది.

ఇప్పుడు ఆ లైను లేదు. ఆ చోట పైనుంచే బొగ్గు తవ్వే పెద్ద ఓపెన్‌కాస్ట్ గుంత, దాని పక్కన కొండంత మట్టి దిబ్బ. ఒక మనిషి నిద్ర కోసం లైనంతా గొంతు తగ్గించడం చూసి ఎన్నేండ్లయిందో. మనవరాలికి అట్ట ఉంది, ఓపిక గల టీచరమ్మ ఉంది, అది మంచిదే. మా కాలంలో నాలాంటి పిల్లల వీపులు చిట్లేవి. కానీ కూర్చో అని దానికి చెప్పినప్పుడు, ఎవరి కోసం కూర్చోవాలో ఏమని చెప్పాలో నాకు తోచడం లేదు.

ఇక ప్రమాణం సంగతి. చెప్పులు, పల్లికాయలు, కాకి మీరెలాగూ నమ్మలేదు, వాటిని వదిలెయ్యండి. బాపు ఆ మాట అన్నది నిజం. నేను కదలలేదన్నదే కల్పన.

రెండోసారి డొల్ల అనిపించగానే లేచి, చేతికందిన బాపు మసి బట్టలు తీగ మీది నుంచి గుంజి, వాటితోనే ఆ పక్కింటి పోరణ్ణి బాదుతూ లైను పొడుగునా అరుచుకుంటూ పోయాను. తీగ ఖాళీగా ఉండడం చూసి అందరూ బాపు లేచాడనుకున్నారు. ఐసు గంట మోగింది, రోకళ్ళు లేచాయి, ఎవరో పొద్దుటి నుంచి దాచుకున్న తగాదా అందుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి బాపు గడప మీద నిలబడి ఉన్నాడు, కండ్లు ఎర్రగా. కొట్టలేదు. నన్ను కూర్చోబెట్టి, సైరన్ దాకా నా పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాతే అవ్వతో ఆ మాట అన్నాడు, నా ముందరే, నా వంక చూడకుండా. లైనులో ఒక్కరూ అవ్వకు అసలు సంగతి చెప్పలేదు. ఆ రాత్రి బాపు నిద్ర లేకుండానే బాయిలోకి దిగాడు.

మర్నాడు పొద్దున షిఫ్టు విడిచే సైరన్ కంటే ముందే నేను గడప మీద ఉన్నాను. మసి ముఖాలు ఒక్కొక్కటే వస్తున్నాయి, బాపుది కాదు, బాపుది కాదు. ఆఖరుకు వచ్చాడు. బట్టలు విప్పి నా చేతికిచ్చి లోపలికి పోయాడు. తీగ మీద ఆరేసి, కింద కూర్చున్నాను.

ఆ రోజు నిజంగా కదలలేదు. దానికి సాక్షి లేడు, బాపు నిద్రపోతున్నాడు.