ఒకే రోజు రెండు కాలేజీల్లో హాజరైన అమ్మాయి

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన రెండో ఏడాది, జూన్ నెలలో, నన్ను పరీక్షల సెక్షన్ నుంచి స్కాలర్‌షిప్ సెక్షన్‌కు సూపరింటెండెంటుగా మార్చారు. ఆమదాలవలసకూ శ్రీకాకుళానికీ మధ్య ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ మాది. నా పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. ఆఖరి ఏడాదిలో ఉన్న మనిషిని ఆ సెక్షన్‌లో ఎందుకు వేస్తారో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. తప్పు బయటపడే వేళకు దాని కింద సంతకం పెట్టినవాడు ఇంట్లో మనవలతో ఆడుకుంటూ ఉంటాడు.

పని గురించి కొంచెం చెప్పాలి. పేద విద్యార్థుల ఫీజును ప్రభుత్వం విడతలుగా కాలేజీకి కడుతుంది. నెలనెలా హాజరు నూటికి డెబ్బై అయిదుకు తగ్గకూడదు. విద్యార్థి చేరినప్పుడు చేయవలసిన పని సులువే. చిక్కంతా మానేసినప్పుడు వస్తుంది. ఎవరైనా మధ్యలో చదువు ఆపేస్తే ఆ పేరును ఆన్‌లైన్‌లో ‘డిస్‌కంటిన్యూడ్’ అనే గడిలోకి మార్చి, పక్కన ‘ఆఖరుసారి హాజరైన తేదీ’ రాయాలి. ఆ తేదీతో ప్రభుత్వ బాధ్యత ముగుస్తుంది. ఆ తర్వాతి కాలానికి సొమ్ము వచ్చి ఉంటే చలానా కట్టి వెనక్కి పంపాలి. ఆ గడి నింపనంత కాలం ఆ విద్యార్థి మన లెక్కలోనే ఉంటాడు. ఇంకో కాలేజీలో చేరి హాజరు పడుతున్నా అక్కడివాళ్లు అతని పేరు స్కాలర్‌షిప్‌కు ఎక్కించుకోలేరు.

నేను సెక్షన్‌లో చేరిన రోజున ఆ గడి తెరిచి చూశాను. ఒక్క పేరూ లేదు. మూడేళ్లుగా మా కాలేజీలో చదువు మానేసినవాళ్లే లేరు. ఇంత గొప్ప కాలేజీలో పనిచేస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

నవంబరు మొదటి వారంలో జిల్లా సంక్షేమ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. బి. ఎస్తేరు, రెండో సంవత్సరం బీఎస్సీ. ఈ అమ్మాయి ఆధార్ నంబరు మీద మా కాలేజీతోపాటు విజయనగరంలోని ఒక నర్సింగ్ కాలేజీ కూడా హాజరు పంపుతోందట. అక్టోబరు నెలకు అక్కడ తొంభై శాతం, మా దగ్గర తొంభై ఆరు. ఒక బుధవారం నాడు ఆమె విజయనగరంలో టీకాల శిబిరంలో తెల్ల యూనిఫాం వేసుకుని నిలబడ్డ ఫొటో జతపరిచారు. అదే బుధవారం, అదే గంటకు, ఆమె మా కాలేజీలో ఫిజిక్స్ క్లాసు విన్నట్టు మా రిజిస్టరు చెబుతోంది. వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, శుక్రవారం నాడు అధికారి స్వయంగా వచ్చి తనిఖీ చేస్తారు అని చివర్న రాశారు.

వేలిముద్రలు తీసుకునే యంత్రం ఉండగా ఇదెలా జరిగిందని మీరు అడగవచ్చు. ఆ యంత్రం వానాకాలం మొదట్లోనే పాడై మరమ్మతుకు వెళ్లింది. అప్పటి నుంచి హాజరు పేర్లు పిలిచి పుస్తకంలోనే వేస్తున్నారు.

ఫిజిక్స్ లెక్చరర్ అప్పలస్వామి గారిని పిలిపించాను. ముప్పై ఏళ్ల సర్వీసు. రిజిస్టరులోకి తల వంచి పేర్లు చదువుతారు, ఆఖరి పేరు అయ్యేదాకా తల ఎత్తరు. ఎస్తేరు బాగా తెలుసా అని అడిగాను.

“తెలకపోడమేటండి! ఎంతో బుద్ధిమంతురాలు. క్లాసులో ఇంతవరకు ఒక్క డౌటు కూడా అడగలేదు. గొంతు వింటే సాలు, పోల్చేస్తాను.”

ముఖం ఎలా ఉంటుందని అడిగాను. ఆయన కాసేపు గోడవైపు చూసి, “ఆడపిల్లేనండి,” అన్నారు.

మర్నాడు ఆ అమ్మాయే వచ్చింది, తల్లిని వెంటబెట్టుకుని. తల్లి ఆమదాలవలసలో రైస్ మిల్లులో పనిచేస్తుంది. జుట్టు మీద తవుడు దులుపుకోకుండానే వచ్చేసింది. ఎస్తేరుకు నర్సు కావాలని కోరిక. మొదటి ఏడు సీటు రాక మా దగ్గర బీఎస్సీలో చేరింది. ఈ ఏడు కౌన్సెలింగులో సీటు వచ్చింది. జిరాక్సు కాగితాలతో చేర్చుకున్నారు గాని, టీసీ, అసలు సర్టిఫికెట్లు శనివారంలోగా ఇవ్వకపోతే ఆ సీటు జాబితాలో తర్వాతి వాళ్లకు పోతుంది. మరి ఇన్నాళ్లూ టీసీ ఎందుకు అడగలేదన్నాను. అడిగితే మిగిలిన రెండేళ్ల ఫీజు కట్టమంటారని సీనియర్లు చెప్పారట. ఆ మాట అబద్ధమని చెప్పలేకపోయాను.

మా రిజిస్టరు ప్రకారం నువ్వు నిన్న కూడా క్లాసుకు వచ్చావమ్మా అన్నాను. తల్లి ముందుకు వచ్చింది.

“బాబూ, నా కూతురు ఏ ఊర్లో ఉన్నాదో నాకు తెల్దా? మీ కాయితంలో ఉన్నాదంటారా, అయితే ఆ కాయితం చేతే పరీచ్చ రాయించుకోండి. నా పిల్లని మాత్తరం వదిలీండి.”

ఆఖరుసారి క్లాసుకు ఎప్పుడు వచ్చావని అడిగితే ఎస్తేరుకు సరిగ్గా గుర్తులేదు. సెప్టెంబరు అని మాత్రం చెప్పగలిగింది. నాకు కావలసింది నెల కాదు, తేదీ. దానికి ఆధారం కూడా కావాలి.

కరస్పాండెంటు గారికి, అంటే కాలేజీ యజమానికి, విషయం చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మన రిజిస్టరే ప్రమాణం, పొరపాటు నర్సింగ్ కాలేజీ వాళ్లదని రాసి పంపండి అన్నారు. నవంబరు దాకా అమ్మాయి ఇక్కడే ఉన్నట్టయితే వచ్చిన విడత సొమ్ము వెనక్కి ఇవ్వనక్కర్లేదు. పైగా ఒక్క పేరు తప్పని ఒప్పుకుంటే మిగతా పేర్ల మాటేమిటన్న ప్రశ్న వస్తుంది. సాయంత్రానికి ఉత్తరం టైపై నా బల్ల మీదకు వచ్చింది. సంతకం చోట నా పేరు. నా గ్రాట్యుటీ కాగితాల మీద సంతకం పెట్టవలసింది ఆ కరస్పాండెంటు గారే. నేను ధైర్యవంతుణ్ని కాను. పెన్ను మూత తీశాను, మళ్లీ పెట్టాను. రేపు చూద్దామనుకుని ఇంటికి వెళ్లిపోయాను.

బుధవారం ఉదయం ఒక అమ్మాయి నా గది గుమ్మంలో నిలబడింది. పేరు పావని, ఎస్తేరు క్లాసే.

“సార్, ఎస్తేరు టీసీ ఆపేసినారంట. మా వల్లేనా?”

మీ వల్ల ఏమిటన్నాను.

“మాం సెప్తాం సార్. పనిష్మెంటు మాత్తరం ఇయ్యనంటే సెప్తాం.”

అలాంటి మాట ఇచ్చే అధికారం నాకు లేదని చెప్పాను. ఆమె వెళ్లిపోతుందనుకున్నాను. కాసేపు గుమ్మం పట్టుకుని ఆలోచించి, లోపలికి వచ్చి, సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా బల్ల మీద పెట్టింది.

అట్ట మీద ‘ఎస్తేరు డ్యూటీ’ అని రాసి ఉంది. లోపల ఎర్రసిరాతో గీతలు గీసిన పట్టిక. తేదీ, పీరియడ్, పలికినవారు, సంతకం. నలుగురు స్నేహితురాళ్లు వంతులు వేసుకుని ఎస్తేరు పేరుకు ‘ఎస్ సార్’ చెబుతున్నారు. నర్సింగులో నిలదొక్కుకోలేకపోతే వెనక్కి రావడానికి సీటు మిగలాలి కదా, అదీ వాళ్ల ఆలోచన. మొదటి పేజీలో నియమాలు రాసుకున్నారు. ఒకే గొంతు వరుసగా రెండు రోజులు పలకరాదు. కెమిస్ట్రీ సార్ తల ఎత్తుతారు గనక పెన్ను కింద పడేసి, వంగి పలకాలి. అప్పలస్వామి గారి విషయంలో ఏ జాగ్రత్తా అక్కర్లేదు.

అంటే ఆయన చూడకుండానే పోల్చగలిగిన గొంతు నాలుగు గొంతులన్నమాట.

పరీక్షల సెక్షన్‌లో పాతికేళ్లు మార్కులు సరిచూసిన అలవాటు నాకుంది. నోట్‌బుక్‌ను ఒక పక్క, కాలేజీ రిజిస్టరును ఒక పక్క పెట్టుకుని రోజురోజుకూ టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఒక్క తేడా లేదు. అక్టోబరులో ఒక గురువారం ఎస్తేరుకు ఆబ్సెంటు పడింది. నోట్‌బుక్‌లో ఆ రోజుకు ఎదురుగా ‘నలుగురమూ సినిమాకి పోనాం’ అని ఉంది. రిజిస్టరులో ఆ నలుగురికీ ఆ రోజు ఆబ్సెంటే. మరో సోమవారం ఎస్తేరుకు ప్రెజెంటు, పావనికి ఆబ్సెంటు. నోట్‌బుక్‌లో ‘పావని ఎస్తేరుకి పలికి తనకి పలకడం మరిచిపోయింది’ అని రాసి, కింద పావని సంతకం పెట్టింది.

పట్టికలో మొదటి తేదీ సెప్టెంబరు పన్నెండు. కెమిస్ట్రీ ల్యాబు బీరువాలోంచి ఎస్తేరు ప్రాక్టికల్ రికార్డు తీయించాను. చివరి ప్రయోగం కింద లెక్చరరు పెట్టిన సంతకం, పక్కన సెప్టెంబరు పదకొండు. నర్సింగ్ కాలేజీలో చేరింది పదమూడున. నాకు కావలసిన తేదీ దొరికింది.

టైపు చేసి ఉన్న ఉత్తరం పట్టుకుని కరస్పాండెంటు గారి గదికి వెళ్లాను. దీని మీద నేను సంతకం పెట్టలేనండి అన్నాను. మనం రిజిస్టరును ప్రమాణమంటే అధికారి రిజిస్టరులోని ప్రతి పేరునూ నిలబెట్టి చూస్తారు, మనమే తప్పు ఒప్పుకుంటే దిద్దుకునే అవకాశమైనా ఉంటుంది అని చెప్పాను. ఆయన నా వంక చూడకుండా, మీ ఇష్టం వచ్చినట్టు ఏడవండి అన్నారు. దాన్ని ఆమోదంగా భావించి నోట్ ఫైలులో అలాగే నమోదు చేశాను, ఒక్క క్రియాపదం మార్చి.

శుక్రవారం పదిన్నరకు అధికారి వచ్చారు. ఎక్కువ మాట్లాడని మనిషి ఆవిడ. నా నివేదిక చదివి, ముందు క్లాసుకు వెళ్దాం, హాజరు ఎలా వేస్తారో చూడాలి అన్నారు. అప్పలస్వామి గారికి నేను విషయమంతా చెప్పే ఉంచాను. ఆయన కంగారులో మరింతగా తల వంచి పేర్లు చదవడం మొదలుపెట్టారు. అధికారి తలుపు పక్కన నిలబడ్డారు, నేను ఆవిడ వెనక.

“బి. ఎస్తేరు.”

రెండో బెంచీలోంచి, “ఎస్ సార్.”

పావని. అనేశాక రెండు చేతులతో నోరు మూసుకుంది. పట్టిక ప్రకారం ఆ రోజు వంతు తనది, నోటికి అలవాటైపోయింది. అప్పలస్వామి గారు తల ఎత్తకుండానే ప్రెజెంటు వేసి, తర్వాతి పేరు చదివారు.

అధికారి నన్ను వెంటబెట్టుకుని నా గదికి వచ్చారు. కుర్చీలో కూర్చుని నోట్‌బుక్ అడిగి తీసుకున్నారు. నియమాల పేజీ దగ్గర ఆవిడ భుజాలు కదలడం చూశాను. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంతా చదివాక పక్కన పెట్టి, “మీ కాలేజీలో సక్రమంగా రాసిన రిజిస్టరు ఇదొక్కటే అనుకుంటానండి,” అన్నారు.

ఆ తర్వాత పని చకచకా జరిగింది. ఆఖరుసారి హాజరైన తేదీ సెప్టెంబరు పదకొండు అని మధ్యాహ్నానికల్లా ఎక్కించాం. మూడేళ్లుగా ఖాళీగా ఉన్న గడిలో మొదటి పేరు పడింది. విడత సొమ్ము చలానా కట్టి వెనక్కి పంపాలని అధికారి ఉత్తర్వు రాశారు. ప్రభుత్వం కట్టే ఫీజును విద్యార్థి దగ్గర వసూలు చేయడానికి వీల్లేదని కూడా అందులో చేర్చారు. నేను టీసీ రాసి, సర్టిఫికెట్లు కవరులో పెట్టి, కబురందుకుని కూతురితో మళ్లీ వచ్చిన తల్లి చేతికిచ్చాను. ఆవిడ వాటిని చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకోబోతే, నలిగిపోతాయమ్మా అన్నాను.

“నలిగితే ఇస్త్రీ సేసుకుంటాం బాబూ. మీ సేతిలో మళ్లీ పడకుంటే సాలు,” అని కూతురి రెక్క పట్టుకుని స్టేషనుకు బయలుదేరింది. ఆ సాయంత్రమే విజయనగరం వెళ్లి కాగితాలు అప్పజెప్పారని తర్వాత తెలిసింది. సీటు దక్కింది.

నలుగురు అమ్మాయిలనూ క్షమాపణ పత్రం రాసి ఇమ్మన్నారు ప్రిన్సిపాల్. నలుగురి సంతకాలతో పత్రం వచ్చింది. అందులో మూడో సంతకం, నాలుగో సంతకం ఒకే చేతి రాత. నాలుగో అమ్మాయికి జ్వరమట. నేను చూసీ చూడనట్టు ఫైలులో పెట్టేశాను.

నాకు మాత్రం పర్యవేక్షణ లోపం కింద మెమో వచ్చింది. గ్రాట్యుటీ ఆర్నెల్లు ఆలస్యమైంది. అప్పలస్వామి గారు తల ఎత్తి పేర్లు చదవడం అలవాటు చేసుకున్నారు. మొదటి వారంలోనే ఇంకొందరు లేరని ఆయనే కనిపెట్టి, పరిగెత్తుకుంటూ వచ్చి నాకు చెప్పారు. ఒకడు కళింగపట్నంలో చేపల వ్యాపారంలో ఉన్నాడు, ఒకడు చెన్నైలో. వాళ్ల తేదీలు వెతకడంతోనే నా సర్వీసు ముగిసింది.

ఈ వ్యవహారం నాకు నేర్పినది ఇది. పిల్లలు చేరేటప్పుడు కాలేజీ ఫొటో, ఫారం, తండ్రి సంతకం, మూడు కాపీలు అడుగుతుంది. వెళ్లిపోయేటప్పుడు ఏమీ అడగదు, ఎందుకంటే వాళ్లు వెళ్లారని తెలుసుకోవడం దానికి నష్టం. కాబట్టి ఈ సెక్షన్‌లోకి కొత్తగా వచ్చేవారు హాజరు తక్కువున్న పేర్లను కాదు, తొంభై అయిదు శాతం దాటిన పేర్లను ముందు చూడాలి. నిజంగా కాలేజీకి వచ్చే పిల్లలకు అంత హాజరు ఉండదు.