మా అక్క మొహాన్ని యంత్రం ఒప్పుకోని ఏడాది

నాకు అర్జీలు రాసే అలవాటుంది. మా వీధి ఫుట్‌పాత్ మధ్యలో కరెంటు స్తంభం పాతినప్పుడు రాశాను. కొత్త ఫోను డబ్బాలో ఛార్జర్ ఇవ్వడం మానేసినప్పుడు రాశాను. ప్రతి అర్జీ నకలూ ఒక రేకుపెట్టెలో ఉంది. అది నా మేకప్ పెట్టె. సినిమాల్లో నలభై ఏళ్లు మేకప్ మాన్‌గా చేసి మానేశాక అడుగున రంగులు, స్పాంజీలు అలాగే ఉన్నాయి, పైన కాగితాలు చేరాయి. ఎవరు నన్ను ఏ మాటన్నారో, ఏ కుర్చీలో కూర్చుని అన్నారో మరిచిపోయే మనిషిని కాను. అయినా ఫిల్మ్ నగర్‌లో ఈ రెండు గదుల ఇంట్లో నాకేం లోటు లేదు. పొద్దున్నే స్టూడియో వ్యాన్లు వెళ్తుంటే అరుగు మీద కాఫీ తాగుతూ చూస్తాను. లోపల మా అక్క నన్ను తిడుతూ దోసెలు పోస్తుంటుంది.

మా బావ బడిపంతులు. ఆయన పోయాక అక్క తెనాలి నుంచి వచ్చి నా దగ్గరే ఉంటోంది. ఆయన తరఫున ఆమెకు పెన్షన్ వస్తుంది. తమ్ముడి ఇంట్లో ఉంటుంది గానీ తమ్ముడి చేతి రూపాయి ముట్టదు. మందులు, చీరలు, కూరలు అన్నీ ఆ పెన్షన్‌లోంచే. ఆ పెన్షన్ రావాలంటే ఏటా ఒకసారి తాను బతికే ఉన్నానని రుజువు చూపాలి. ఇదివరకు ఆఫీసుకు వెళ్లి గుమాస్తా ముందు సంతకం పెడితే అయిపోయేది. తర్వాత వేలిముద్ర అన్నారు. అక్క వేళ్ల గీతలు అంట్లు తోమి తోమి ఎప్పుడో అరిగిపోయాయి. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఫోనుకు మొహం చూపిస్తే చాలట. ఈ పద్ధతి పెట్టినవాళ్లను నేను మెచ్చుకున్నాను కూడా. ముసలివాళ్లను మెట్లెక్కించని ప్రభుత్వం ఏదైనా నాకు ఇష్టమే.

ఆ మొదటి ఏడాదే ఫోను అక్క మొహం చూసి కాదంది. నేను వెలుతురు సరిచేశాను. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా తెల్ల దుప్పటి కట్టి, షాటుకు చేసినట్టే చేశాను. మళ్లీ కాదంది. పదోసారికి అక్క లేచి నిలబడింది.

"ఒరేయ్, నేను బతికున్నానో లేదో నాకే అనుమానం వచ్చేస్తోందిరా. నువ్వొకసారి గిల్లి చూడు."

"నువ్వు కళ్లు సరిగ్గా ఆర్పట్లేదక్కా."

"డెబ్బై రెండేళ్లుగా ఆర్పుతున్నాను. ఇప్పుడు దీనికి నచ్చేటట్టు ఆర్పడం నేర్చుకోవాలా?"

నేను ఫిర్యాదు పెట్టాను. రెండు రోజులకు, 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు' అని మెసేజ్ వచ్చింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ రాలేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ పరిష్కరించారు. నెలాఖరుకు ఇంకా ఆరు రోజులున్నాయి. అది దాటితే పెన్షన్ ఆగిపోతుంది. అక్క బీపీ మాత్ర సగానికి విరిచి వేసుకోవడం చూశాను. ఆ రోజే ఆమెను తీసుకుని పెన్షన్ ఆఫీసుకు వెళ్లాను.

అక్కడ ఒకాయన బిస్కెట్టు టీలో ముంచుకుంటూ మా మాట విన్నాడు.

"మేడం నా ముందటనే ఉన్నరు. నేను కాదంటలేను సార్. కానీ సిస్టం ఒప్పుకోవాలె కద."

"మీరు ఒప్పుకుంటే చాలదా?"

"నేనెవర్ని సార్ ఒప్పుకోనీకి?"

ఆ బిస్కెట్టు విరిగి టీలో పడింది. నాకేమీ జాలి కలగలేదు. ఆయన చెడ్డవాడు కాదు, అది నాకూ తెలుసు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని 'ఈమె బతికే ఉంది' అని రాసే అధికారం కూడా లేని ఉద్యోగికి కుర్చీ, ఫ్యాను ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మర్నాడు మోతీనగర్‌లో కార్డుల పనులు చేసిపెట్టే సెంటర్‌కు వెళ్లాం. కంప్యూటర్ ముందున్న అమ్మాయి మూడుసార్లు ప్రయత్నించి, ఫోను మొహాన్ని పోల్చుకునేది కార్డు ఫోటోతోనే అని చెప్పి, గుర్తింపు కార్డు ఇమ్మంది. దాన్ని స్కాన్ చేసి, ఫోటోను తెర నిండా పెద్దది చేసింది. ఫోటో వైపు, అక్క వైపు మార్చి మార్చి చూసింది.

"అంకుల్, గీ ఫోటోల ఉన్నది గీ అమ్మేనా? చెల్లె గిట్ల కాదు కద?"

నేను కళ్లజోడు సరిచేసుకుని తెర దగ్గరికి వంగాను.

కార్డు మీద చింతగింజంత ఉన్న బొమ్మను ఎన్నిసార్లో చూశాను గానీ ఇంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. అది నా పని. సన్నగా కనిపించడానికి ముక్కుకు రెండు పక్కలా వేసిన నీడ నాది. ఎడమ చెంప మీది పులిపిరి కనబడకుండా అద్దిన బేసు నాది. కనుబొమలు నేను గీసినవి. కొన్నేళ్ల కిందట కార్డు ఫోటో మార్చుకోవడానికి వెళ్తూ, "పాతదాంట్లో దొంగదానిలా ఉన్నానురా" అని అక్క అంటే, గంటసేపు కూర్చోబెట్టి మేకప్ వేసి పంపాను. మా వీధిలో బేసు వేసుకోకుండా కెమెరా ముందు కూర్చునే మనిషి లేడు. కార్డు కెమెరా వేరని నాకు తట్టనేలేదు. పైగా ఆ రోజు ఫోటో తీసినతను మెచ్చుకున్నాడని వారం రోజులు మురిసిపోయాను.

అక్క నా వైపు చూసింది. ఆమెకూ గుర్తొచ్చింది.

"రాయరా. ఇప్పుడు ఎవరి మీద రాస్తావో రాయి ఫిర్యాదు."

ఫోటో మార్చుకోవచ్చు కానీ, అది సిస్టంలోకి ఎక్కడానికి నెలాఖరు దాటుతుందని ఆ అమ్మాయి చెప్పింది. మేం ఇంటికి వచ్చాం. నేను రేకుపెట్టె తెరిచి అర్జీలన్నీ తీసి మంచం మీద పెట్టాను. అడుగున రంగులు ఎండిపోయి, స్పాంజీలు గట్టిపడి ఉన్నాయి. కావలసిన సామాను పాత శిష్యుడి దగ్గర తెచ్చుకుని, మర్నాడు పొద్దున అక్కను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ముక్కుకు నీడ, పులిపిరికి బేసు, పాత కొలత ప్రకారమే కనుబొమలు. ఫోటో పక్కన పెట్టుకుని, గీతకు గీత సరిపోయేలా కంటిన్యుటీ చూసుకున్నాను. అద్దం ఇస్తే అక్క పట్టుకుని వదల్లేదు.

ఆటో అతను అద్దంలోంచి చూశాడు. "షూటింగా అమ్మా? ఏం వేషం?"

"బతికున్న మనిషి వేషం," అంది అక్క.

సెంటర్‌లో క్యూలో ఉన్నవాళ్లు జరిగి దారిచ్చారు. ఒకావిడ సెల్ఫీ అడిగింది, అక్క ఇచ్చింది. ఫోను ఎదురుగా కూర్చుని అక్క ఒక్కసారి కళ్లు ఆర్పింది. ఆకుపచ్చ టిక్కు పడింది.

"అయిపాయె అంకుల్!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. "జర నాకు గూడ నేర్పియ్యి, నా ఫోటో గూడ మంచిగ లేదు."

"నీకొద్దమ్మా," అన్నాను.

ఆ సాయంత్రం మళ్లీ అర్జీ రాయడానికి కూర్చున్నాను. మేకప్‌కు సర్టిఫికెట్ ఇచ్చి మనిషికి ఇవ్వని పద్ధతి తప్పనీ, యంత్రం కాదన్నచోట ఒక ఉద్యోగి కళ్లతో చూసి సంతకం పెట్టే వీలుండాలనీ రాశాను. అక్క చదివించుకుని విన్నది.

"నువ్వు చేసిన పని రాయలేదేం?"

"అది రాస్తే తప్పంతా నాదంటారు."

"రాయకపోతే నాతో మాట్లాడకు."

రాశాను. అర్జీల్లో నా తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. దానికి ఇంకా జవాబు రాలేదు. గుర్తుపెట్టుకున్నాను.

తర్వాతి వారం ఫోటో మార్పించడానికి మళ్లీ అదే సెంటర్‌కు వెళ్లాం. నేను వద్దన్నా అక్క పౌడరు రాసుకుని, సన్నగా కాటుక పెట్టుకుని బయల్దేరింది. మా వంతు వచ్చే ముందు జేబురుమాలు తడిపి ఆమె మొహమంతా తుడిచాను. కెమెరా ముందుకు వెళ్లబోయే మొహాన్ని నేనిలా ఖాళీ చేయడం నలభై ఏళ్లలో ఎప్పుడూ లేదు. పులిపిరి బయటపడింది. అది మా అమ్మకు కూడా అక్కడే ఉండేది.

"చాలు, తోలు ఊడేలా ఉంది," అంది అక్క. "బాగున్నానా?"

"బాగున్నావు, వెళ్లి కూర్చో," అన్నాను.