చిటికెన వేలు పక్కన బొడిపె

సినోస్ లోయలోని జోళ్ల ఫ్యాక్టరీలో జుల్మీరా ముప్పై ఏళ్లుగా కొయ్య పాదాలు నునుపు చేస్తోంది. అక్కడ ఏ జోడైనా కొయ్య పాదం మీద తోలు బిగించి కుట్టాల్సిందే. ఒక అసలు జత చెక్కితే, దాన్ని చూసి మిషన్లు వేల జతలు దించుతాయి.

ఆడవాళ్ల అసలు జతను ఆమె కూతురు నేయివా కాళ్లు చూసి చెక్కారు. ఆ పిల్లకు ఎడమ చిటికెన వేలు పక్కన బొడిపె ఉండేది. చెక్కే ముసలాయన దాన్ని తీసెయ్యబోతే, "నా కాలు నా కాల్లాగే ఉండనీ తాతా!" అని నవ్వింది. సరేలెమ్మని వదిలేశాడు. ఆ ఏడే జ్వరమొచ్చి నేయివా పోయింది. పందొమ్మిదేళ్లు.

"మీ కంపెనీ జోళ్లు కరవవమ్మా" అని ఊళ్లో ఆడవాళ్లు మెచ్చుకునేవారు. జుల్మీరా వాళ్ల కాళ్లకేసి చూసేది. బస్సులోనైనా చర్చిలోనైనా ఆమె చూపు మనుషుల మొహాల మీద నిలవదు. ముక్కూ మొహం తెలియని ఆడది ఆ జోళ్లతో ఎడమ కాలు ముందుకేస్తే చాలు, కూతురే కదిలినట్టుండేది. ఒకసారి ఎర్ర జోళ్లావిడ వెనకాలే నాలుగు వీధులు నడిచింది.

"ఏం కావాలమ్మా నీకు?" అని ఆవిడ గద్దించింది.

"ఏం లేదు. నడువు, ఇంకొంచెం నడువు" అంది జుల్మీరా.

ఇంతలో కంపెనీ ఆసియా దేశాల్లో అమ్మకాలు మొదలుపెట్టింది. వియత్నాంలో కొత్త ఫ్యాక్టరీ కట్టింది. అసలు జత అక్కడికి పోవాలి. ఇంజనీరు రుదినేయి కొలిచి చూసి పెదవి విరిచాడు.

"రెండు కాళ్లూ ఒక్కలా లేవు జుల్మీరాగారూ. ఆ తప్పు రాకెయ్యండి."

"అది తప్పు కాదయ్యా."

"మరేంటి?"

"కాలు."

"కాలే లెండి! ఎవరి కాలని ఆసియాలో అడుగుతారా?"

గదిలో అందరికీ ఆ కాలు ఎవరిదో తెలుసు. ఒకరి తర్వాత ఒకరు తాగుతున్న ఆకు కషాయపు సొరబుర్ర ఉన్నచోటే ఆగిపోయింది.

జుల్మీరా ఆకురాయి తీసుకుని బొడిపె మీద ఒక్కసారి రాకింది. అరచేతిలో రాలిన పొడి చూసి ఆగిపోయింది.

"నాకివ్వు జుల్మీరక్కా, నేను రాకేస్తాను" అన్నాడు పెట్టెలు బిగించే ఈవో.

"నీ మొరటు చేతులతోనా? ముట్టుకున్నావంటే వేళ్లు విరిచేస్తా!"

వెలితి పడిన పాదానికి తోలుముక్క అంటించి నింపడం ఆ పనివాళ్ల పాత పద్ధతి. జుల్మీరా ఎడమ పాదాన్ని ఇక ముట్టుకోలేదు. కుడి పాదానికే తోలు అంటించి, గరుకు కాగితంతో రుద్ది, రంగు పూసి, అచ్చం అలాంటి బొడిపె నిలబెట్టింది. ఇంజనీరు మళ్లీ కొలిచాడు.

"ఇప్పుడు సరిపోయాయి. చూశారా, ఎంతసేపు పట్టింది!"

కూతుర్ని దక్కించుకున్నాననుకుంది జుల్మీరా. కానీ రెంటినీ పెట్టెలో పక్కపక్కన పడుకోబెట్టి, రెండు బొడిపెలూ తడిమి చూసింది. ఎడమది నేయివాదే. కుడిది ఎవరిది? రేపు అంత దూరదేశంలో ఈ రెండు కాళ్ల మీదా లేచి నడిచేది ఎవరు?

ఈవో మూత వేసి సుత్తి ఎత్తాడు.

"మెల్లిగా కొట్టరా. లోపల పిల్ల ఉంది" అంది జుల్మీరా.

మాటకు ముందు వేళాకోళమాడే ఈవో మేకులు ఒక్కొక్కటే, తలుపు తట్టినంత మెల్లిగా దించాడు.