తొట్టెడు జొన్నలకు ఒక పేజీ

గిర్ని ఖాలా పోయిన వార్త మసీదు మైకులోనే విన్నాను. విన్నాను గానీ నాకు తెలియలేదు. ఫలానా మరహూం గారి భార్య ఇంతికాల్ అయ్యారని, అసర్ నమాజు తర్వాత జనాజా అని ఉర్దూలో రెండుసార్లు చెప్పారు. ఎప్పుడో పోయిన ఆ మరహూం ఎవరో గుర్తు రాక పేపరు తిరగేస్తూ చాయ్ తాగుతూనే ఉన్నాను. మా ఇంటామె వంటింట్లోంచి వచ్చింది.

"గట్లనే కూసున్నరేంది? పోయింది మన గిర్ని ఖాలా."

అప్పుడు కప్పు కింద పెట్టాను. ముప్పై ఏళ్ళు ఖిల్లా ఘణపూర్‌కు తన పిండిమరలో, అదే గిర్నిలో, జొన్నలు పట్టి పెట్టిన మనిషి. ఊరందరికీ ఖాలా, అంటే పిన్ని; కుక్కకు కూడా ఆమె తెలుసు. అలాంటి మనిషిని, ఎవరికీ గుర్తులేని మొగుడి పేరు చెప్పి సాగనంపారు.

అది ఊరి మర్యాద అనుకుందాం. సాయంత్రానికి వనపర్తి సాహితీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన "సాహితీ లోకానికి తీరని లోటు" అని పెట్టాడు. కింద వరుసగా జోడించిన చేతులు. ఆ చేతుల్లో ఒక్క జత కూడా ఆమె రాసిన పేజీ తిప్పలేదు. ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, ఆ పేజీలు గిర్ని గడప దాటలేదు. దాటిన ఒకే ఒక్కసారి ఏమైందో కూడా నాకే తెలుసు. అది చెప్పడానికే కూర్చున్నాను. దారిలో ఒకరిద్దరికి చురకలు తగిలితే పాఠకులు ఓర్చుకోవాలి. డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి, ఇంకా ఎవరి కోసం నోరు కట్టుకోవాలి?

నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంట్లో నాలుగు బీరువాల పుస్తకాలున్నాయి, అన్నీ చదివినవే. రాసింది మాత్రం సమీక్షలు. అవి చదివి ఇద్దరు కవులు నాతో మాటలు మానేశారు, ఒకాయన ఏకంగా కవిత్వమే మానేశాడు. ఆ ఒక్క సేవకైనా నాకు శాలువా కప్పాల్సింది. "సొంతంగా ఏమన్నా రాయొచ్చు కదా" అని ఎవరన్నా అంటే, టైము లేదనేవాణ్ణి. రిటైరైన తర్వాత కూడా అదే మాట అన్నాను, సిగ్గు లేకుండా.

మూడేళ్ళ కింద మా ఇంటామె మోకాళ్ళు మొరాయించాయి. జొన్నల డబ్బా నా చేతికి వచ్చింది. గిర్ని ముందు అరుగు మీద డబ్బాలు వరుసగా పెట్టి ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. లోపల ఖాలా ఒక డబ్బా ఎత్తి, జొన్నలు పైనున్న తొట్టిలో పోసి, మోటరు వేసేది. తర్వాత మేకుకు వేలాడుతున్న పొడుగు నోటుబుక్కు తీసి, ముక్కాలిపీట మీద కూర్చుని రాయడం మొదలుపెట్టేది. కింద గుడ్డ గొట్టంలోంచి పిండి దిగుతుండేది. ఆ కాసేపు ఎవరూ ఆమెను పలకరించరు. తొట్టి ఖాళీ కాగానే రాళ్ళ చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు విని, వాక్యం ఎక్కడుంటే అక్కడ వదిలేసి లేచేది.

మొదటి రోజు నేను ఊరుకోలేకపోయాను. "ఖాలా, వాక్యమన్నా పూర్తి చేసి లేవొచ్చు కదా."

"సగంల ఇడిస్తెనే సారు, రేపటికి పట్టుకునేటందుకు పిడి ఉంటది." తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అయినా మీరు నాకన్న పదిహేనేండ్లు పెద్దోరు. నన్ను ఖాలా అంటరా? జర సిగ్గుండాలె."

అరుగు మీది ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళు నవ్వినందుకు కాదు గానీ, నేను మర్నాడు కూడా వెళ్ళాను. మా ఇంట్లో ఇద్దరమే, రోజూ పట్టించేంత జొన్నలు లేవు. ఉత్త చేతులతో వెళ్ళాను.

ఆమెది తిమ్మాజిపేట. ఏడో తరగతి దాకా అక్కడే తెలుగులో చదివింది. పెళ్ళయ్యాక రాయడం మరిచిపోతానేమోనన్న భయంతో రోజూ నాలుగు ముక్కలు రాయడం మొదలుపెట్టానని చెప్పింది. సగం జరిగింది, సగం అల్లింది. నాకు చూపించిన ఒక పేజీ ఇలా మొదలైంది: "పొద్దున కోడలి మీద లేసిన. తప్పు ఆమెది గాదు, ఉప్పుది. ఉప్పు మీద లేస్తె ఎవ్వలు ఇంటరు?" దాని కింద, ఉప్పు మీద కేసు పెట్టిన అత్త కథ. రెండు పేజీలు నడిచి సగం వాక్యంలో ఆగింది, ఎందుకంటే ఎవరివో జొన్నలు అయిపోయాయి.

"టైమెట్ల దొరుకుతది ఖాలా?" అని అడిగాను.

"టైమంటె కరెంటు లెక్క సారు. వచ్చినప్పుడే పట్టుకోవాలె. మొత్తం టైము వచ్చినంక రాస్త అంటె, దీపం కాడ కూసునుడే."

చప్పుడు మారగానే కథను వదిలేసే నియమం ఒక్కసారే తప్పింది. ఏదో కథ మంచి పట్టు మీదున్నప్పుడు లేచి, ధ్యాసంతా అటే ఉండి, ఒక మాజీ సర్పంచ్ గారి జొన్నలు పక్కనున్న కారం మిషన్‌లో పోసేసింది. మధ్యాహ్నానికి ఆయన చెమటలు కక్కుతూ, ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమమ్మా, రొట్టె నోట్ల పెడితె కండ్లల్ల నీళ్ళు వస్తున్నయ్!"

"మంచిదే గద పటేలా," అంది ఖాలా. "ఇయ్యాల కూర ఒండుడు తప్పింది."

ఆయన తిట్టడానికే వచ్చాడు. తిట్టబోయి నవ్వాడు, నవ్వబోయి దగ్గాడు. మర్నాటి పేజీ మొత్తం ఆ దగ్గు మీదే.

నాలుగో నెలలో ఆమె నాకొక నోటుబుక్కు ఇచ్చింది. "ఉత్తగ కూసునుడెందుకు? ఒక్క తొట్టి రాయుండ్రి." రాశాను. పెన్ను కదిలింది, కదలక చస్తుందా, నలభై ఏళ్ళ కసి ఉంది. వనపర్తిలో చదవకుండా ముందుమాటలు రాసే పెద్దమనిషిని రాశాను. నాగర్‌కర్నూల్‌లో ఎవరి పుస్తకావిష్కరణకు పిలిచినా తన పుస్తకం గురించే మాట్లాడే వక్తను రాశాను. రోజుకొకణ్ణి ఎండగట్టి, మోటరు ఆగాక ఆమెకు చదివి వినిపించేవాణ్ణి. అరుగు మీద నవ్వులు. నా జీవితంలో అంత మంచి సభ ఎన్నడూ దొరకలేదు.

నెల రోజులు విని ఆమె ఒక మాట అంది. "అందర్ని జల్లెడ పట్టిన్రు సారు. మీ వంతు ఎప్పుడొస్తది?"

"నేనేం చేసిన ఖాలా?"

"నాకేం ఎరుక? పొద్దుగాల అద్దంల చూసుకుంటరు గద. గా మొకాన్నే అడుగుండ్రి." ఆ మాట అని ఎవరివో జొన్నలు ఎత్తుకుంది.

అప్పుడే ఆమె తన పుస్తకం మేకుకు తగిలిస్తుంటే కాగితాల మధ్య నుంచి కొంచెం పిండి రాలింది. ఆ పొడుగు కాగితాలు, ఆ గుండ్రటి రాత, ఆ రాలే పిండి నాకు కొత్త కాదు.

అప్పటికి పదకొండేళ్ళ కింద గద్వాలలో కథల పోటీ పెట్టారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. నా కట్టలో ఒక కథ విప్పితే బల్ల మీద పిండి పడింది. "ఇది కథనా, రొట్టెలకా?" అన్నాను. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు తీపిలో ఆ కథ చదవలేదు. పైన ఆకుపచ్చ సిరాతో "చదివితిని" అని రాసి, పొడుగు సంతకం పెట్టి, తిరస్కరించినవాటిలో వేశాను. చదవకుండా ముందుమాటలు రాసేవాణ్ణి నెలంతా తిట్టినవాడు చేసిన పని ఇది.

రెండు వారాలు గిర్నికి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పి అని మా ఇంటామె జబ్బునే అప్పు తెచ్చుకున్నాను. ఖాలాకు ఇది తెలిస్తే మళ్ళీ ఆ అరుగెక్కనివ్వదని భయం. చెప్పకపోతే, ఎక్కి కూర్చున్నా ఒక్క నిజం రాయలేనని తెలిసిపోయింది. ఇంట్లో కూర్చుని మరో ఇద్దరు కవుల్ని తిట్టి చూశాను. రుచించలేదు.

ఒక ఉదయం వెళ్ళి, ఎవరివో జొన్నలు తొట్టిలో పడగానే రాయడం మొదలుపెట్టాను. మొత్తం రాశాను. తర్వాతి తొట్టి నడుస్తుండగానే, ధైర్యం చల్లారకముందే చదవాలని లేచి నిలబడ్డాను. మోటరు హోరులో ఆమెకు వినబడాలంటే అరవాలి, కాబట్టి అరుస్తూ చదివాను. గద్వాల అన్నాను, పోటీ అన్నాను, పిండి అన్నాను. చివరి వాక్యానికి వచ్చేసరికి తొట్టి ఖాళీ అయింది. ఆమె టక్కున మోటరు ఆపింది. నా గొంతు అదే జోరులో ఉంది.

"చదవకుండానే సంతకం పెట్టినాను!"

బజారంతా వినబడింది. ఎదురు హోటల్లో చాయ్ వడగట్టేవాడు చేయి ఆపి చూశాడు.

ఖాలా చేతులకున్న పిండి దులుపుకుంది. "తెలుసు సారు."

"తెలుసా?"

"రెండో కాగితం, మూడో కాగితం నడుమ జరంత గోధుమపిండి ముద్ద అంటిచ్చిన. జొన్నపిండి అంటదు. సదివితె ఇడుస్తది గద? వాపస్ వచ్చినప్పుడు గట్లనే అంటుకొని ఉండె. పైన మాత్రం మీ పచ్చ సంతకం, ఈతాకు చాపంత."

"మరి పదకొండేండ్లు ఒక్క మాట అనలేదేం?"

"అనుడెందుకు? గప్పటి సంది మీ పిండి గరుకుగ పడుతున్న."

అరుగు మీద ఒకామె నవ్వలేక డబ్బా మీద వాలిపోయింది. నేను నిలబడ్డచోటే లెక్క అందుకున్నాను. పదకొండేళ్ళుగా నా కంచంలో రొట్టె తుంచకముందే విరుగుతోంది. పదకొండేళ్ళుగా "నీ చేతికి రొట్టె రాదు" అని మా ఇంటామెను సాధిస్తున్నాను.

"పాపం, ఆమె ఏం చేసింది ఖాలా? ఆమె కూడా అదే తినాలె కద."

"ఆమెకెందుకు గరుకు? ఆమెది ఏరే సంచిల మెత్తగ పట్టి ఇస్తుంటి. మోకాళ్ళు పోయినంక మా కోడలితోని పంపుతున్న. కత మొత్తం చెప్పినంకనే ఇచ్చిన."

ఇంటికి వెళ్ళి అడిగాను. మా ఇంటామె కాదనలేదు. "పదకొండేండ్లల్ల ఒక్కనాడన్న నా కంచం దిక్కు చూసిన్రా? చూస్తె దొరికిపోతుంటి," అంది. నేను నాలుగు బీరువాలు చదివాను. పక్క కంచం చదవలేదు. ఆ రోజు రాసిన పేజీయే నేను నా మీద రాసుకున్న రెండో పేజీ. తర్వాత ఆగలేదు.

అంటుకున్న ఆ కాగితాలు ఖాలా దాచే ఉంచింది. చాయ్ గిన్నె ఆవిరి మీద పట్టి మెల్లగా విడదీశాను. కొన్ని అక్షరాలు పిండితోపాటే ఊడిపోయాయి. కథ ఒక ఆడమనిషిది. ఇంట్లోంచి కాసేపు బయటపడడానికి రోజూ ఖాళీ డబ్బా ఎత్తుకుని గిర్నికి వస్తుంది. ఆ డబ్బాలో ఏమీ లేదని వరుసలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. తన వంతు రాగానే వెనక్కి జరిగి మళ్ళీ చివర కూర్చుంటుంది. మేం మొదటి బహుమతి ఇచ్చిన కథలో ఏముందో నాకిప్పుడు గుర్తు కూడా లేదు. ఈ మాట అచ్చులో చూసి ఆ రచయిత బాధపడతాడు. పడనీ.

ఇప్పుడు ఆమె పుస్తకాలు అచ్చు వేద్దామని ముగ్గురు వచ్చారు. ముగ్గురూ ముందుమాట తామే రాస్తామన్నారు. ముందు చదవమని, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఖాలా కోడలితో పుస్తకాలు తెప్పించాను. ఒకాయనకు వెంటనే వనపర్తి బస్సు గుర్తొచ్చింది.

ఆమె పోయాక మూడు రోజులు గిర్ని తెరవలేదు. వరుసలో పెట్టిన డబ్బాలు ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. తలుపు ముందు అలాగే ఉన్నాయి. మూడో రోజు ఉదయం నేను అరుగు మీద కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. మోటరు చప్పుడు లేదు కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియక రాస్తూనే ఉన్నాను. డబ్బాలు చూసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే చుట్టూ కూర్చున్నారు.

"ఏం రాస్తున్నరు సారు?"

"ఖాలా గురించి."

"సదువుండ్రి మరి."

చదివాను. మధ్యలోనే ఆపారు. "గట్ల గాదు సారు. గా దినం సర్పంచ్ పటేలు నవ్వలే. ముందుగాల ఖాలానే నవ్వింది." "నువ్వు ఊకోవె, నేను ఆడనే ఉంటి. ఇద్దరు ఒక్కపారే నవ్విన్రు." నా సమీక్షలకు జడిసి కవిత్వం మానేసినవాడున్నాడు గానీ, నా వాక్యాన్ని మొహం మీదే కొట్టేసినవాళ్ళు వీళ్ళే. కొట్టేసి, వాళ్ళు చెప్పినట్టు రాసి, మళ్ళీ చదివాను. మళ్ళీ కాదన్నారు. ఆ గొడవలో ఒక డబ్బాకు మూత లేదని ఎవరూ చూసుకోలేదు. పిచ్చుక ఒకటి దాని అంచు మీద వాలి, మా మాటలు వింటున్నట్టు మెడ తిప్పి, మెల్లగా జొన్నల్లోకి దిగింది. ఆ డబ్బా గల ఆమె చేయి ఎత్తబోయి, ఆపుకుని, "ఊఁ, కానీ సారు" అంది.