అరువు తుపాకి, వేట పెద్ద కునుకు

ఉత్తర స్వీడన్‌లోని ఆ పల్లెకు సిక్స్టెన్ వేట పెద్ద. ఆ పదవికి ఆయన ఏనాడూ పోటీపడలేదు. ఎన్నిక రోజున దగ్గు వచ్చి నోరు తెరిచాడు. సభవారు దాన్ని అంగీకారంగా రాసుకున్నారు. అప్పటినుంచి ఏటా ఆ చలిదేశపు భారీ దుప్పుల వేట మొదలయ్యే వేకువన, చలిమంట చుట్టూ జనాన్ని నిలబెట్టి, చర్చిలో పాదిరిగారి గొంతుతో నియమాలు చదువుతున్నాడు. జనం టోపీలు తీసి మరీ వినకుండా నిలబడతారు.

ఈసారి ఒక నియమాన్ని రెండుసార్లు చదివాడు.

"లైసెన్సు లేనివాడికి తుపాకి అరువిస్తే, ఇచ్చినవాడు పక్కనే ఉండాలి. అది పేలితే ఇచ్చినవాడి కళ్లెదుటే పేలాలి."

అందరూ ఎవర్ట్ వైపు చూశారు. సిక్స్టెన్‌కి బావమరిది. ఇక వేట చాలనుకుని వసంతంలో తుపాకి అమ్మేసి, లైసెన్సు వదులుకున్నాడు. ఆకులు పండేసరికి మనసు ఆగక, ఉత్త చేతులతో వచ్చి నిలబడ్డాడు.

"ఎవర్ట్ మామా, దుప్పికీ పొదకీ తేడా తెలుస్తోందా?" అన్నాడు కుర్ర వేటగాడు తోర్గ్నీ. బురదనేల అంచున ఎవర్ట్ ఏటా పొంచి కూర్చునే మాటు మీద ఎప్పటినుంచో వాడి కన్ను.

"తెలుస్తుందిరా. పొద నీ అంత వాగదు."

నవ్వారు గానీ, ముసలాయనకి చూపు తగ్గిందన్న గొణుగుడు ఆగలేదు. చివరికి సిక్స్టెన్ తీర్పు చెప్పాడు: ఇవాళ ఎదుటికొచ్చిన దుప్పిని ఎవర్ట్ వదిలేస్తే, మాటు తోర్గ్నీది.

శుభం పలికితే వేట పాడవుతుందని అక్కడి నమ్మకం కాబట్టి, కుక్కను తోలే సీవ్ "మీ వేట తగలెయ్యా!" అని మనసారా దీవించి అడవిలోకి నడిచింది.

ఎవర్ట్ మాటులో బావా బావమరుదులు ఇద్దరు, ఒక దుంగ, సిక్స్టెన్ అరువిచ్చిన ఒక తుపాకి. అక్కడి అలవాటు ప్రకారం జున్ను ముక్కలు వేసిన కాఫీ తాగారు. దారులు చూసిరావడం, మాటులు పంచడం, కట్టెలు మోయడం, మోకాళ్ల నొప్పి, ఇవన్నీ కలిసి సిక్స్టెన్ రెప్పల మీద కూర్చున్నాయి. చట్టం ఆయన కళ్ల మీద పెట్టిన బరువు కూడా దానికి తోడైంది. కాస్త మూశాడు.

తెరిచేసరికి, గుర్రం కన్నా ఎత్తయిన మగ దుప్పి తీరిగ్గా చెట్లలోకి పోతోంది. ఎవర్ట్ ఒళ్లో తుపాకి చల్లగా ఉంది.

"ఎందుకు కాల్చలేదురా?" అన్నాడు సిక్స్టెన్.

"నువ్వు చూట్టం లేదుగా బావా."

"తట్టి లేపొచ్చుగా!"

"కాలితో పొడిచా. 'అమ్మా, ఇంకాసేపు' అన్నావు. గట్టిగా పిలిస్తే అది పోతుంది."

"అంత దగ్గరకొచ్చిందా?"

"దాని కనురెప్పలు కనిపించాయి."

ఇంతలో వైర్‌లెస్‌లో సీవ్ విరుచుకుపడింది. "మీ ముక్కు కిందనుంచే పోయిందయ్యా! ఎవర్ట్‌కి కనపళ్లేదా?"

వెంటనే తోర్గ్నీ గొంతు. "నేను చెప్పలే?"

ఎవర్ట్ వైర్‌లెస్ అందుకోబోయాడు. "పొగమంచు అనేస్తా బావా. నీ పరువు పోతుంది."

సిక్స్టెన్ దాన్ని ఇవ్వలేదు. ఈ అబద్ధానికి కాపలా కాయాలంటే బతికినన్నాళ్లూ మెలకువగా ఉండాలి. అంత ఓపిక తనకు లేదు. మీట నొక్కాడు.

"వేట పెద్ద మాట్లాడుతున్నాడు. ఎవర్ట్ శుభ్రంగా చూశాడు. కళ్లు మూసుకున్నది నేను. నియమం ప్రకారం అతను కాల్చలేదు. మాటు అతనిదే. ఈ పదవికి నేను తగను, ఎవరైనా తీసుకోండి."

అడవంతా నిశ్శబ్దం. అన్ని వైర్‌లెస్‌లూ బాగానే పనిచేస్తున్నాయి. తోర్గ్నీ కూడా నోరు తెరవలేదు. దగ్గినా ప్రమాదమని వాడికి తెలుసు.

చివరికి సీవ్ అంది: "రేపు ఎవర్ట్ పక్కన నేను కూర్చుంటా, నా తుపాకితో. నాకు కునుకు రాదు. కుక్కతో బురదలో నువ్వు తిరుగు, పెద్దా."

సిక్స్టెన్ మోకాళ్లు నిమురుకుంటూ, మీట నొక్కి, "అలాగే" అన్నాడు.