తలా ఒక జపాన్ కుండ

కూలివాడు ఏం దాచుకోవాలో చెప్పేవాళ్ళు నాకు జీవితమంతా తగులుతూనే ఉన్నారు. బంగారం దాచుకుంటే తెలివైనవాడట. నేను జపాన్ పల్లెల మట్టి గిన్నెలు దాచుకున్నాను.

సౌదీలోని రాబిగ్‌లో రిఫైనరీ పనులప్పుడు నేను పైపులకు రంగు వేసేవాణ్ణి. మా సైటులోని జపాన్ ఇంజినీరు టీ గిన్నెను నేను రోజూ తేరిపార చూస్తుంటే, ఒకనాడు నా చేతిలో పెట్టాడు. అడుగున కుమ్మరి వేలిముద్ర! ఆ తర్వాత అతను సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఒక గిన్నో కూజానో తెచ్చేవాడు. నేను నిర్మల్ కొయ్యపండ్లు తెచ్చిచ్చేవాణ్ణి. వెళ్ళిపోతూ, ఇంగ్లీషులోకి వచ్చిన ఈ కాలపు జపాన్ నవలలు ఇచ్చిపోయాడు. ఐదో తరగతి చదువుతో, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఏళ్ళ తరబడి చదివాను. ఆ నవలల్లో కోపం వచ్చినవాడు అరవడు, లేచి తలుపు మూస్తాడు. అది మాత్రం నాకు పట్టుబడలేదు.

తర్వాత నితాకత్ చట్టం వచ్చింది. సౌదీవాళ్ళకు ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాలన్న లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడింది. పైగా బయటి దేశపు కూలి తలకింత లెవీ. అక్కడ ఉండనిచ్చే కార్డులు, ఇకామాలు, రెన్యువల్ కాలేదు. అందరికీ ఫైనల్ ఎగ్జిట్, మూట సర్దుకుని ఇంటికి పోవడమే.

హైదరాబాదీ క్యాంప్ బాసు వచ్చి నా మంచం కింది డబ్బాలు బయటికి లాగాడు.

"చాచా, ఒక్క బ్యాగే పోతది. గీ ముంతలు కచ్రాల ఎయ్యి."

"ఎందుకేస్త? నా సొంతం."

"కూలోనికి జపాన్ ముంతలెందుకు? టీవీ కొనుక్కో."

"నేనేం కొండబోవాల్నో నువ్వు చెప్పకు!"

"రేపు సఫాయివోళ్ళొస్తరు. మంచం కింద ఉంటే పారేస్తరు" అని వెళ్ళిపోయాడు.

పగిలే సామాను తీసుకోనని కార్గోవాడు అప్పటికే చెప్పేశాడు. పై మంచం మీది జగిత్యాల తమ్ముడు కిందికి దిగాడు.

"గింతదానికి లొల్లెందుకే బాపూ? ఊరికి పోయేటోడు పక్కోని సబ్బులు మోస్తలేడా? నాకొకటియ్యి."

నిజమే. ఊరికి వెళ్ళేవాడి బ్యాగులో ఇంకొకరి పొట్లం లేకపోవడం మా క్యాంపులో ఎప్పుడూ లేదు. గదిలో ఉన్నవాళ్ళంతా చేతులు చాపారు. ఒకడు గిన్నెను లుంగీలో చుట్టాడు. ఒకడు కూజాలో మేజోళ్ళు కుక్కాడు.

"పగలగొడితే?" అన్నాను.

"నన్ను పగలగొట్టు పో!"

నా బట్టలు అక్కడే వదిలి, నా బ్యాగు నిండా పుస్తకాలు సర్దుకున్నాను. పొద్దున బాసు వచ్చి మంచం కింద వంగి చూశాడు.

"పారేసినవా చాచా?"

"పంచిపెట్టిన."

అతని ముఖం చూడటానికైనా సౌదీకి మళ్ళీ వెళ్ళవచ్చు.

ఊరికి చేరిన కొన్నాళ్ళకు ఒక ఆదివారం ఆ గదివాళ్ళంతా కూడబలుక్కుని మా ఇంటికి వచ్చారు. ఒక్కటీ పగల్లేదు! మేజోళ్ళు కుక్కిన ఆర్మూరతను తెచ్చిన కూజా నిండా మామిడికాయ తొక్కు.

"ఉత్త కూజ ఎట్ల ఇస్తమని మా ఆమె నింపిందే."

అరవబోయాను. నూనె బొట్టు కూడా బయటికి కారలేదని చూసి ఊరుకున్నాను. కుమ్మరి దాన్ని చేసింది అందుకేగా! ఆ గిన్నెల్లోనే అన్నం పెట్టుకుని ఆ తొక్కుతో తిన్నాం. తిన్నాక కడుగుదామని చెయ్యి చాపితే ఒక్కడూ ఇవ్వలేదు.

"మోసుకొచ్చింది నేను. నువ్వు పగలగొడ్తవ్, జరుగు!"