పిట్టలకు కనపడని ఇల్లు

ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. నా దగ్గరికొచ్చే వాళ్లందరికీ ఒకటే కోరిక: ఇల్లు వీధి మొదటినుంచే కనపడాలి. ముందు లావాటి స్తంభాలు, గేటుకు బంగారు రంగు, మేడ మీద ఇంకో బుల్లి మేడ. నేను వద్దంటాను, వాళ్లు కావాలంటారు. నాకు కోపం ముక్కు మీదుంటుంది కాబట్టి కాసేపు గొడవ పడి, చివరికి వాళ్లడిగిందే గీసిస్తాను. అందుకే పులివెందుల నుంచి ఒక సైన్సు మాస్టారు బస్సు దిగి వచ్చి, ఎవరికీ కనపడని కట్టడం ఒకటి కావాలన్నప్పుడు ఆయన్ను అనుమానంగానే చూశాను.

ఆయనకు పిట్టల పిచ్చి. జమ్మలమడుగు అవతల ఒక చెరువుకు చలికాలంలో తలమీద రెండు నల్ల చారలున్న బాతులు హిమాలయాలు దాటుకుని వస్తాయట. బడిపిల్లలు నక్కి కూర్చుని వాటిని చూడడానికి ఒక చోటు కావాలట. "పాఠం చెప్తే పరీక్ష దాకా గుర్తుంటాది మేడం. కంటితో చూస్తేనే, దీన్ని కొట్టకూడదు అని అనిపిస్తాది," అన్నాడు. ఆ చెరువు కాడ వలలేసి పిట్టల్ని పట్టేవాళ్లు ఉన్నారని ఆయన దిగులు. ఇంకో షరతు కూడా పెట్టాడు. మనం కట్టేదాని వల్ల ఆ నేలకు ఏ చెరుపూ జరగకూడదు. రేపెప్పుడైనా తీసేస్తే అక్కడ ఒక కట్టడం ఉండిందన్న ఆనవాలు కూడా మిగలకూడదు.

వారం రోజులు కూర్చుని గీశాను. మూడంతస్తుల బురుజు, చుట్టూ అద్దాలు, నెత్తిన సోలార్ పలకలు. చెప్పొద్దూ, నాకే తెగ ముచ్చటేసింది. సోలార్ పెట్టాక ఇంక పర్యావరణానికి వచ్చిన లోటేమిటని నా ధీమా.

ఆ కాగితం పట్టుకుని మాస్టారితో కలిసి చెరువు దగ్గరికి వెళ్లాను. స్థలం ఇస్తానన్న రైతు అక్కడే ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో పెద్ద కుటుంబం, మెలితిప్పిన మీసం. మాస్టారు బతిమాలగా బతిమాలగా, నీళ్లవైపు ఉన్న శనగ చేను అంచును ఈ ఏడాది విత్తకుండా గడ్డికి వదలడానికి ఒప్పుకున్నాడు. ప్లానును అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఏందిమ్మా ఇది, మీ ప్రొద్దుటూరు నగల అంగడా? ఈడి ఎండకు ఆ అద్దాల్లో మనుషులు ఉడికిపోతారు. పిట్టలు ఆకాశమే అనుకోని అద్దానికి కొట్టుకోని చస్తాయి."

నాకు చుర్రుమంది. "పిట్టల సంగతి మీకేం తెలుసు పెద్దాయనా?" అన్నాను.

"నాకు తెలీకపోతే ఇంకెవురికి తెలుస్తాది? ఏడేండ్లప్పుటి నుంచి జొన్నచేలో మంచె మీద కూచ్చోని వాటిని తోలినోణ్ణి."

చెరువుగట్టు మీద గొంతుకూర్చుని, పిట్టల్ని ఎలా తోలాలో చెప్పడం మొదలుపెట్టాడు. మంచె ఎత్తుగా వేసేది చేను మనకు కనపడాలని కాదట, మనిషి పిట్టకు కనపడాలని. వడిసెల రాయి తగిలేది ఎప్పుడో ఒకసారి. ఆకాశానికి అడ్డంగా మనిషి తల కనపడితే చాలు, పిట్ట వాలదు. చెయ్యి పైకి లేచిందా, వాలింది కూడా లేచిపోతుంది. ఆయన చెప్పుకుంటూ పోతుంటే నా కోపం ఎటు పోయిందో తెలీదు. కాగితం వెనక్కి తిప్పి, ఆయన చెప్పిన ప్రతిదాన్నీ తలకిందులు చేసి గీస్తూ పోయాను. ఆయన మంచె ఎత్తులో ఉంటే, మాది నడుము లోతు గుంత అయింది.

అసలు పని మొదలయ్యాక ఆయనే మేస్త్రీకి మేస్త్రీ అయ్యాడు. ఎంత పెద్ద వాన కురిసినా నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించి, అక్కడికి పదడుగులు ఇవతల తవ్వించాడు. తవ్విన మట్టిని నీళ్లవైపు గట్టుగా పోసి గడ్డి నాటాం. మా వైపు చేలకు కంచెగా నిలబెట్టే నాపబండలనే గోడలుగా నిలబెట్టి, వాటి మధ్య కంటి ఎత్తులో జానెడు సందు వదిలాం. పైన వెదురు, దానిమీద బోదగడ్డి. లైటు లేదు, రంగు లేదు, చెంచాడు సిమెంటు లేదు. "ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలను పక్కనే పెట్టుకోని సిమెంటు లేకుండా కట్టేది ఏందో," అని మేస్త్రీ చివరిదాకా గొణుగుతూనే ఉన్నాడు. అంతా అయ్యాక పూజ చేసి, టెంకాయ కొట్టి, కప్పు మీద దిష్టిబొమ్మ కట్టి, చక్కెర పొంగలి తిని సంతోషంగా ఇళ్లకు వెళ్లాం.

పెద్దాయన మాత్రం ఆ రోజే ఖరాఖండిగా చెప్పాడు. "కార్తీకం ఆఖరు దాకా చూస్తా. అప్పుటికీ పిట్టలు రాకపోతే దున్ని శనగ ఏసుకుంటా. ఆపైన అదును దాటిపోతాది."

బాతులు చెరువుకు వచ్చాయి. మా దగ్గరికి రాలేదు. ఆదివారం ఆదివారం ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఆ గుంతలో కూర్చునేదాన్ని. అవి అవతలి గట్టునే మేసేవి. మాస్టారు తెచ్చిన పిల్లలు బైనాక్యులర్ కోసం తోసుకుని, విసుగొచ్చి, ఆకులతో బూరలు ఊదుకుంటూ పోయారు. ఇరవై ఏళ్లలో నేను మనసుపెట్టి గీసిన కట్టడం అదొక్కటే. అది నిలవదేమోనని నాకు దుఃఖమొచ్చింది, దుఃఖం ఎలాగూ కోపంగానే బయటికొస్తుంది. మీ చేలోని బోరు మోటారు చప్పుడుకే రావడం లేదని పెద్దాయనతో తగాదా పెట్టుకున్నాను. నీ గుంతను చూసే రావడం లేదని ఆయనన్నాడు. సోమవారానికి ట్రాక్టర్‌కు చెప్పేశానన్నాడు.

గురువారం, ఇంక చేసేదేమీ లేక, బాతుల వైపు నుంచి చూద్దామని అవతలి గట్టుకు నడిచిపోయి బైనాక్యులర్ కళ్లకు పెట్టుకున్నాను. బండలు కనపడలేదు, గుంత కనపడలేదు, గడ్డి కప్పు గడ్డిలో కలిసిపోయింది. దాని నడినెత్తిన మాత్రం నల్లకుండ మొహం, ఎర్రటి నాలుక, పాత చొక్కా చేతులు రెండూ చాచి, గాలికి ఊగుతూ మా దిష్టిబొమ్మ. దాన్ని కట్టింది నేనే. కొత్త కట్టడమన్నాక అది లేకుండా ఎప్పుడూ వదల్లేదు, అలవాటుగా కట్టేశాను.

దాన్ని పీకి చంకలో పెట్టుకుని వెళ్లి పెద్దాయనకు చూపించాను. తిడతాడనుకున్నాను. ఆయన నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "నేనూ దినామ్మూ చూస్తాండా కదమ్మా. కొత్త ఇంటికి దిష్టిబొమ్మ లేకుండా ఉంటాదా అనుకుంటి. చేలో బెదురుబొమ్మలు ఎన్ని కట్టినానో లెక్కలేదు, ఇదీ అదేనని తట్టనే లేదు." ట్రాక్టర్‌ను మాత్రం వద్దనలేదు.

సోమవారం తెల్లవారక ముందే మాస్టారు, పెద్దాయన, నేను గుంతలో చేరాం. వెలుతురు వచ్చేసరికి గడ్డిలో ఏదో చప్పుడు. సందులోంచి చూస్తే పది పన్నెండు బాతులు, ఆ గడ్డి అంచునే, చిన్నగా మాట్లాడుకుంటూ మేస్తున్నాయి. ఒకటి మరీ దగ్గరికొచ్చి తల పక్కకు తిప్పి నిలబడింది. మాస్టారు కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

పెద్దాయన బండకు నుదురు ఆనించి ఎంతసేపు చూశాడో. తర్వాత నా చెవిలో అన్నాడు, "పుట్టినకాటి నుంచి ఎగిరిపోయే పిట్టనే చూసినా. వీపులే తప్ప దీని మొగం నేనెప్పుడూ చూల్లేదమ్మా."

అప్పుడే చేను వెనక ట్రాక్టర్ చప్పుడు వినపడింది. బాతులు మెడలు లేపాయి. నిలబడి చెయ్యి ఊపితే ట్రాక్టర్ ఆగుతుంది, బాతులూ లేచిపోతాయి. ఊళ్లో ఏ పంచాయితీలోనూ తల వంచని ఆ పెద్దమనిషి కండువా నడుముకు బిగించి, మోకాళ్ల మీద వంగి, మట్టిగట్టు చాటున దోగాడినట్టే పోయాడు. గుంతలోకి దిగే దారిలోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఇంజిన్ ఆగింది.

"ఏమైంది మామా, నడుం పట్టిందా?" అన్నాడు ట్రాక్టర్ అతను.

"మెల్లగా మాట్లాడు. ఆడ మేస్తాండాయి."

"మరి దున్నేది?"

"ఇప్పుడు కాదు. దిగి రా, నువ్వూ చూద్దువు." అతను దిగి చేతులూపుకుంటూ రెండడుగులు వేయగానే పెద్దాయన చొక్కా పట్టి లాగాడు. "అట్ల కాదు. వంగి రా."